కాన్సెప్ట్ టూ రోఎర్గ్ రివ్యూ: మెషిన్ మీద టైమింగ్ చూసి ఒలింపిక్ మెడల్ చెప్పొచ్చా?

ముందే చెప్పేస్తున్నా, ఇది మామూలు జిమ్ మెషిన్ రివ్యూ లాగా ఉండదు. ఎన్ని క్యాలరీలు కరుగుతాయి, పొట్ట ఎన్నాళ్లకి తగ్గుతుంది లాంటివి ఇందులో పెద్దగా దొరకవు. నేను ఈ రోయింగ్ మెషిన్ కొన్నది రోయింగ్ (తెడ్లు వేసి పడవ నడిపే రేసు) మీద పిచ్చితో. ప్యారిస్ ఒలింపిక్స్ అప్పుడు జియో సినిమాలో దొరికిన రోయింగ్ రేసులన్నీ కూర్చుని చూశా, అప్పట్నుంచి ఏ దేశం టీమ్ ఫామ్‌లో ఉంది, 2028 లాస్ ఏంజిలిస్‌కి ఎవరికి ఛాన్స్ ఉంది అని ఫాలో అవుతూనే ఉన్నా, ఎక్కడ చదివినా "ఎర్గ్ స్కోర్" అనే మాట తగులుతుంది, ఫలానా వాడి టూకే (2000 మీటర్ల టైమ్) ఇంత, ఫలానా ఆమె టూకే అంత అని. ఆ ఎర్గ్ అంటే ఇదే మెషిన్. పెద్ద పెద్ద నేషనల్ టీమ్‌లన్నీ ట్రైనింగ్‌కి, సెలెక్షన్ టెస్ట్‌కి వాడేది ఇదే. అంటే ఒలింపిక్ చాంపియన్ ఏ మెషిన్ మీద టెస్ట్ ఇస్తాడో సరిగ్గా అదే మెషిన్ మన హాల్లో పెట్టుకోవచ్చు. వేరే ఏ ఆటలో ఉంది చెప్పండి ఈ అదృష్టం.

దీన్ని చేసే కాన్సెప్ట్ టూ కంపెనీ గురించి రెండు ముక్కలు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, మోరిస్‌విల్ అని చిన్న ఊరు. డిక్, పీట్ డ్రైసిగాకర్ అని ఇద్దరు అన్నదమ్ములు 1976లో తెడ్లు తయారు చేయడం మొదలుపెట్టారు, డిక్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున రోయింగ్ చేసినవాడే. 1981లో ఒక సైకిల్ చక్రం పెట్టి మొదటి రోయింగ్ మెషిన్ చేశారు, అదే పెరిగి పెరిగి ఇప్పుడు రోఎర్గ్ అయింది. 2021 దాకా దీన్ని మోడల్ డి అనేవాళ్లు, పాత వీడియోల్లో ఆ పేరు వింటే కంగారు పడకండి, మెషిన్ అదే. ఒలింపిక్స్‌లో బోట్లలో కనిపించే తెడ్లలో కూడా చాలా వరకు వీళ్లవే ఉంటాయి. రోయింగ్ చేసినవాళ్లు రోయింగ్ కోసం చేసిన వస్తువు అని వాడుతుంటే తెలిసిపోతుంది.

సైజు విషయం కొనేముందే కొలుచుకోండి. పొడవు దగ్గర దగ్గర ఎనిమిది అడుగులు, బరువు 26 కేజీలు. రెండు ముక్కలుగా విడదీసి నిలబెట్టొచ్చు, పని ఒక నిమిషంలో అయిపోతుంది, కాబట్టి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో కూడా సర్దుకోవచ్చు. కానీ రోజూ విడదీసి మళ్లీ బిగించాలంటే బద్ధకం వస్తుంది, బద్ధకం వస్తే మెషిన్ మీద బట్టలు ఆరేస్తాం, అందుకే పర్మనెంట్‌గా ఒక గోడ పక్కన చోటు ఉంటేనే కొనండి. సీటు నేల నుంచి 14 అంగుళాల ఎత్తులో ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి అది కిందకే, వాళ్ల కోసం 20 అంగుళాల టాల్ వెర్షన్ వేరేగా ఉంది.

ఇక అసలు విషయం, డ్యాంపర్. ఫ్లైవీల్ (లాగితే తిరిగే ఫ్యాన్ చక్రం) పక్కన 1 నుంచి 10 దాకా నంబర్లున్న ఒక మీట ఉంటుంది, లోపలికి గాలి ఎంత పోవాలో అది చూస్తుంది. మా మేనల్లుడు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు, రోజూ జిమ్‌కెళ్తాడు, కూర్చోగానే మీట 10 మీదకి లాగేశాడు. "అంత వద్దురా, 4 దగ్గర పెట్టు" అంటే "పది మీద పెడితేనే కదా మావయ్యా కష్టం" అన్నాడు. వాడికి మెనూలోకి వెళ్లి డ్రాగ్ ఫ్యాక్టర్ అనే స్క్రీన్ చూపించా, ఫ్లైవీల్‌కి గాలి ఎంత అడ్డం పడుతోందో చెప్పే నంబర్ అది. ఈ మెషిన్లో కష్టం పెట్టేది మీట కాదు, మన కాళ్లు. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఎదురు వస్తుంది. మీట 10 మీద ఉంటే బరువైన పాత బోటుని లాగినట్టు నిదానంగా, నడుం మీద భారం పడుతూ కదులుతుంది, 4 మీద ఉంటే సన్నటి రేసింగ్ బోటు లాగా చురుగ్గా కదులుతుంది. చాలామంది రోవర్లు డ్రాగ్ ఫ్యాక్టర్ 110 నుంచి 130 మధ్యలో పెట్టుకుంటారు, నాది కూడా ఆ మధ్యలోనే. ఇంకోటి, మన హైదరాబాద్ దుమ్ముకి ఫ్లైవీల్ జాలీలో నూగు పేరుకుపోతుంది, అప్పుడు మీట అదే 4 మీద ఉన్నా డ్రాగ్ ఫ్యాక్టర్ పడిపోతుంది. అందుకే మీట నంబర్ నమ్మొద్దు, స్క్రీన్ మీద నంబర్ చూసి మీట జరుపుకోవాలి. దీని వల్లనే నేను ఇక్కడ లాగినా, ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ టీమ్ వాడు లాగినా టైమింగ్ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు, మెషిన్ ప్రతి లాగుకీ డ్రాగ్ ఎంతుందో కొలిచి లెక్క సరిచేస్తుంది. ఇరవై ముప్పై వేలలో దొరికే మాగ్నెటిక్ మెషిన్లు కూడా చూశా, వ్యాయామానికి ఓకే, కానీ వాటిల్లో కనిపించే మీటర్లకీ ఇంకో మెషిన్ మీటర్లకీ సంబంధం ఉండదు.

మానిటర్ పేరు పీఎం5. రంగుల టచ్ స్క్రీన్ కాదు, పాత క్యాలిక్యులేటర్ లాగా బూడిద రంగు స్క్రీన్, కింద బటన్లు. చూడ్డానికి ఏమీ అనిపించదు, కానీ రేసు మధ్యలో కళ్లు తిరుగుతున్నప్పుడు కూడా నంబర్ స్పష్టంగా కనపడుతుంది, నాకు అదే కావాలి. మధ్యలో పెద్దగా కనిపించేది స్ప్లిట్, అంటే ఇదే స్పీడ్‌లో 500 మీటర్లకి ఎంత టైమ్ పడుతుంది అని. స్ప్లిట్‌కీ పవర్‌కీ ఉన్న లెక్క తెలిస్తే నేషనల్ టీమ్‌ల మీద గౌరవం ఎక్కడికో వెళ్లిపోతుంది. స్పీడ్ కొంచెం పెరగాలంటే పవర్ ఘనంలో పెరగాలి. రెండు నిమిషాల స్ప్లిట్‌కి 200 వాట్లు చాలు, 1:45 కి రావాలంటే 300 దాటాలి. ఇప్పుడు మగవాళ్ల 2000 మీటర్ల ప్రపంచ రికార్డ్ చూడండి, ఆస్ట్రేలియా వాడు జాషువా డంక్లీ స్మిత్ 2018లో 5 నిమిషాల 35.8 సెకన్లలో కొట్టాడు, అంటే సగటున 590 వాట్లు. మన వంటింట్లో మిక్సీ మోటార్ తీసుకునేంత కరెంటు ఒక మనిషి ఐదున్నర నిమిషాల పైన ఆపకుండా ఇచ్చాడు. ఆడవాళ్లలో అమెరికాకి చెందిన బ్రూక్ మూనీ 2021లో 6:21.1 కొట్టింది, అది 400 వాట్ల పైన. నేను రెండు నిమిషాల స్ప్లిట్ దగ్గర ఊపిరి వెతుక్కుంటూ ఆ నంబర్లు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఇంత కచ్చితంగా కొలిచే మెషిన్ ఉన్నప్పుడు ఒలింపిక్ మెడల్స్ ముందే చెప్పేయొచ్చు కదా? చెప్పలేం. డంక్లీ స్మిత్‌కి ఒలింపిక్ గోల్డ్ లేదు, లండన్‌లో, రియోలో రెండుసార్లూ ఫోర్‌లో సిల్వరే. (బోట్ల పేర్లు మనుషుల లెక్కే: సింగిల్‌లో ఒకరు, డబుల్, పెయిర్‌లో ఇద్దరు, క్వాడ్, ఫోర్‌లో నలుగురు, ఎయిట్‌లో ఎనిమిది మంది. సింగిల్, డబుల్, క్వాడ్ స్కల్స్ బోట్లు, మనిషికి రెండు తెడ్లు; పెయిర్, ఫోర్, ఎయిట్‌లో మనిషికి ఒక్క తెడ్డే.) బ్రూక్ మూనీ రికార్డ్ కొట్టిన ఏడాదే టోక్యోలో అమెరికా విమెన్స్ ఎయిట్ నాలుగో స్థానం. న్యూజిలాండ్ రాబ్ వాడెల్ కథ ఇంకా గట్టిది, 2000 సిడ్నీలో సింగిల్ స్కల్స్ గోల్డ్ కొట్టి, మధ్యలో తెరచాప పడవల పందేల వైపు వెళ్లి, తిరిగొచ్చి 2008లో మెషిన్ మీద 5:36.6 తో అప్పటి ప్రపంచ రికార్డ్ పెట్టాడు, కానీ అదే ఏడాది బీజింగ్ సింగిల్ సీటు కోసం జరిగిన ట్రయల్స్‌లో మాహే డ్రైస్‌డేల్ గెలిచాడు. కీలకమైన రేసులో వాడెల్‌కి గుండె లయ తప్పే సమస్య అడ్డం పడింది, అది కూడా మెషిన్ స్కోర్‌లో కనపడే విషయం కాదు. ఆ డ్రైస్‌డేల్ తర్వాత లండన్, రియో రెండూ గెలిచాడు, రియోలో అయితే క్రొయేషియా డామిర్ మార్టిన్‌తో టైమ్ కూడా సమానం, ఫోటో చూసి తేల్చారు.

ఎర్గ్ నీళ్ల మీద తేలదు అని రోయింగ్ కోచ్‌లు అంటుంటారు, అందులో చాలా ఉంది. మెషిన్ మీద 100 కేజీల మనిషికి తన బరువు భారం కాదు, సీటు పట్టాల మీద జారుతుంది అంతే. నీళ్లలో బోటు ఆ బరువంతా మోయాలి, మునుగు పెరుగుతుంది, నీటి రాపిడి పెరుగుతుంది. పైగా తెడ్డు నీళ్లలో ఎప్పుడు వేశాం, ఎంత శుభ్రంగా తీశాం, ఎనిమిది మంది ఒకే క్షణంలో వేశారా, ఎదురుగాలి వస్తే ఏం చేశారు, ఇవేవీ మెషిన్‌కి తెలీవు. మానిటర్లో ఫోర్స్ కర్వ్ అని ఒక స్క్రీన్ ఉంది, ప్రతి లాగుకీ మన బలం ఎలా ఎక్కి ఎలా దిగిందో గీత గీసి చూపిస్తుంది. నా దృష్టిలో ఈ మెషిన్లో అన్నిటికన్నా విలువైన స్క్రీన్ అదే, కాళ్లు ముందు తోసి తర్వాత నడుం, చివర్లో చేతులు వస్తే గీత ఒకే గుట్టలా నున్నగా వస్తుంది, చేతులు తొందరపడితే మధ్యలో గుంట పడుతుంది. టెక్నిక్ గురించి మెషిన్ చెప్పగలిగేది అంతవరకే.

జర్మనీ ఒలివర్ జైడ్లర్‌ని చూస్తే రెండు వైపులా అర్థమవుతాయి. ఆయన 2016 దాకా స్విమ్మర్. తాతగారు హన్స్ యోహాన్ ఫార్బర్ 1972లో రోయింగ్ గోల్డ్ కొట్టినవాడు, ఇంట్లో రోయింగ్ ఉంది, శరీరంలో ఇంజన్ ఉంది, మూడేళ్లు తిరక్కుండా 2019లో సింగిల్ స్కల్స్ ప్రపంచ చాంపియన్ అయిపోయాడు. టోక్యోకి ఫేవరెట్‌గా వెళ్లి మెడల్ ఫైనల్‌కి కూడా రాలేకపోయాడు. ఇంజన్ ఎక్కడికీ పోలేదు, ఆ రోజు నీళ్ల మీద పని జరగలేదు. తర్వాత 2022, 2023 ప్రపంచ టైటిల్స్ తీసుకుని ప్యారిస్‌లో గోల్డ్ కొట్టాడు. ఆ మధ్య మూడేళ్లు ఆయన నేర్చుకున్నదంతా ఏ ఎర్గ్ స్కోర్‌లోనూ ఉండదు.

టీమ్‌ల ఫామ్ అనేది నాలుగేళ్లలో ఎంత మారుతుందో చూడాలంటే బ్రిటన్ చాలు. రియో దాకా రాజ్యమేలారు, టోక్యోకి ముందు ఏడాది హెడ్ కోచ్ యూర్గెన్ గ్రోబ్లర్ వెళ్లిపోయాడు, టోక్యోలో ఒక సిల్వర్, ఒక బ్రాంజ్, అంతే. గోల్డ్ లేకుండా తిరిగి రావడం వాళ్లకి 1980 తర్వాత అదే మొదటిసారి. ప్యారిస్‌కి వచ్చేసరికి మూడు గోల్డ్‌లతో మొత్తం ఎనిమిది మెడల్స్. మెన్స్ ఎయిట్ 2022, 2023 ప్రపంచ చాంపియన్లు, ప్యారిస్ కూడా వాళ్లదే. ఆస్ట్రేలియా దీనికి పూర్తిగా తిరగేసి, టోక్యోలో మెన్స్, విమెన్స్ రెండు ఫోర్‌లూ గెలిచిన దేశం ప్యారిస్‌లో విమెన్స్ పెయిర్ తెచ్చిన ఒక్క బ్రాంజ్‌తో సరిపెట్టుకుంది. అందుకే ఎవరైనా ప్యారిస్ పట్టిక చూసి లాస్ ఏంజిలిస్ మెడల్స్ రాసేస్తే నేను నమ్మను.

అయినా నెదర్లాండ్స్ సంగతి వేరు. ప్యారిస్‌లో నాలుగు గోల్డ్, మూడు సిల్వర్, ఒక బ్రాంజ్. కారొలిన్ ఫ్లోరైన్ సింగిల్ స్కల్స్‌లో 2022, 2023 ప్రపంచ టైటిల్స్ గెలిచి ఒలింపిక్స్‌లో కూడా అదే పని చేసింది. విమెన్స్ పెయిర్, విమెన్స్ ఫోర్, మెన్స్ క్వాడ్ కూడా వాళ్లవే. ఒకరిద్దరు స్టార్ల మీద నడిచే టీమ్ కాదు, మగవాళ్లు ఆడవాళ్లు, రెండు తెడ్ల బోట్లు, ఒక తెడ్డు బోట్లు, అన్నిట్లో లోతు ఉంది. సైమన్ వాన్ డోర్ప్ లాంటి భారీ మనిషి సింగిల్‌లో బ్రాంజ్ తెచ్చాడు. నన్నడిగితే 2028లో పట్టికలో పైన ఉండే దేశం ఇదే, లేదా బ్రిటన్, మూడో పేరు చెప్పలేను. రొమేనియా విమెన్స్ ఎయిట్‌ని ఓడించడం కూడా ఎవరికైనా కష్టమే, ప్యారిస్‌లో వాళ్ల తెడ్లన్నీ ఒకే మనిషి వేసినట్టు పడుతుంటే ఆ రేసు నేను మళ్లీ మళ్లీ పెట్టుకుని చూశా. న్యూజిలాండ్ విమెన్స్ డబుల్‌లో బ్రూక్ ఫ్రాన్సిస్, లూసీ స్పూర్స్ ఇద్దరూ టోక్యో తర్వాత పిల్లల్ని కని తిరిగొచ్చి గోల్డ్ కొట్టారు, వాళ్ల ముందు రెండేళ్ల రిజల్ట్స్ పట్టుకుని లెక్కలేసినవాళ్లకి ఇది దొరికేది కాదు.

తేడాలు ఎంత చిన్నవో కూడా చెప్పాలి. ప్యారిస్ విమెన్స్ క్వాడ్ ఫైనల్‌లో డచ్ వాళ్లు రేసంతా ముందున్నారు, చివరి లాగుల్లో బ్రిటన్ దాటేసింది, తేడా 0.15 సెకన్. విమెన్స్ ఫోర్‌లో అదే డచ్ వాళ్లు బ్రిటన్ మీద 0.18 తో గెలిచారు. మెన్స్ పెయిర్‌లో బ్రిటన్ జంట లైన్ దగ్గరికి వచ్చేదాకా లీడ్‌లో ఉంది, క్రొయేషియా సింకోవిచ్ అన్నదమ్ములు ఆఖర్లో పట్టేసి 0.45 తో లాగేసుకున్నారు. మార్టిన్, వాలెంట్ సింకోవిచ్‌లకి అది మూడో గోల్డ్, రియోలో డబుల్ స్కల్స్, టోక్యోలో పెయిర్, ప్యారిస్‌లో మళ్లీ పెయిర్. చెరో రెండు తెడ్ల బోటు నుంచి చెరో తెడ్డు బోటుకి మారి రెండిట్లోనూ ఒలింపిక్ గోల్డ్ అంటే మాటలు కాదు. మెషిన్ మీద వాళ్లకన్నా గట్టి స్కోర్లున్న పెయిర్లు ఉండొచ్చు, నీళ్ల మీద మాత్రం ఆ ఇద్దరి మధ్య ఉన్న లయ ఎవరికీ లేదు.

ఇప్పుడు లాస్ ఏంజిలిస్‌కి వద్దాం, ఎందుకంటే ఈ మెషిన్ నాకు బాగా పనికొచ్చింది అక్కడే. 2028 రోయింగ్ లాంగ్ బీచ్ మెరీన్ స్టేడియంలో. 1932 ఒలింపిక్స్ రోయింగ్ జరిగింది కూడా అక్కడే, కానీ తర్వాత అడ్డంగా బ్రిడ్జి వచ్చింది, అందుకే ఈసారి 2000 మీటర్లు కాదు, 1500 మీటర్లే. వినడానికి చిన్న మార్పు. పీఎం5లో సింగిల్ డిస్టెన్స్ అని 1500 పెట్టుకుని లాగి చూడండి, ఆట ఎంత మారిపోతుందో ఒంటికి తెలుస్తుంది. 2000లో మొదటి 500 ఉత్సాహంతో పోతుంది, రెండోది ఊపు మీద పోతుంది, మూడో 500 నరకం, కాళ్లు సీసం అయిపోయి ఇంకా చాలా దూరం ఉంటుంది, నాలుగోది ఇక అయిపోతుందన్న ధైర్యంతో లాగేస్తాం. 1500లో ఆ మూడో 500 నుంచే ఫినిష్ కనపడుతుంది. మధ్యలో నిదానించి సర్దుకునే టైమ్ లేదు. స్టార్ట్‌లో వెనకపడితే తిరిగి పట్టుకోవడానికి నీళ్లు మిగలవు. అందుకే నా అంచనా, స్టార్ట్‌లో పేలే టీమ్‌లకీ బరువు, బలం ఉన్నవాళ్లకీ ఇది లాభం, సింకోవిచ్‌ల్లాగా చివరి 500లో వేటాడేవాళ్లకి కష్టం. అమెరికా మెన్స్ ఫోర్ ప్యారిస్‌లో గోల్డ్ కొట్టింది, ఆ ఈవెంట్‌లో వాళ్లకి 1960 తర్వాత మళ్లీ అదే గోల్డ్, మెన్స్ ఎయిట్‌లో బ్రాంజ్ కూడా వచ్చింది, సొంత దేశంలో పొట్టి కోర్స్ మీద వాళ్ల ఎయిట్‌ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇంతకాలం 2000 టెస్ట్ చుట్టూ సెలెక్షన్ కట్టుకున్న టీమ్‌లన్నీ ఇప్పుడు ఏ టెస్ట్‌ని నమ్మాలో ఆలోచించుకోవాలి.

ఇంకో పెద్ద మార్పు లైట్ వెయిట్ ఈవెంట్లు తీసేయడం. బరువు పరిమితి ఉన్న డబుల్ స్కల్స్ ప్యారిస్‌తో ఆఖరు. ఐర్లాండ్ పాల్ ఓడొనొవన్, ఫింటన్ మెకార్తీ టోక్యోలోనూ ప్యారిస్‌లోనూ గెలిచిన ఈవెంట్ అది, ఇక ఉండదు. దీనివల్ల దెబ్బ తినేది ఐర్లాండ్ కన్నా మనలాంటి దేశాలు అని నా బాధ. టోక్యోలో మన అర్జున్ లాల్ జాట్, అర్వింద్ సింగ్ వెళ్లింది లైట్ వెయిట్ డబుల్ స్కల్స్‌లోనే, మొత్తం మీద 11వ స్థానం తెచ్చారు, ఇండియన్ రోయింగ్‌కి అది చాలా గొప్ప ఫలితం. హాంగ్జౌ ఏషియన్ గేమ్స్‌లో వాళ్లిద్దరే సిల్వర్ తెచ్చారు, మొత్తం మన రోయింగ్ టీమ్‌కి అక్కడ రెండు సిల్వర్, మూడు బ్రాంజ్. ఇప్పుడు అలాంటి సన్నటి, చురుకైన ఒళ్లున్న వాళ్లు ఒలింపిక్స్‌కి వెళ్లాలంటే జైడ్లర్, వాన్ డోర్ప్ లాంటి రెండు మీటర్ల మనుషులతో నేరుగా తలపడాలి. ప్యారిస్‌లో బల్‌రాజ్ పన్వర్ ఆ పనే చేశాడు, సింగిల్ స్కల్స్‌లో ఒక్కడే వెళ్లి 23వ స్థానం. రియోలో దత్తు భోకనల్ 13. ఆ 13ని నేను చాలా గౌరవిస్తా. మన దగ్గర రోవర్లలో ఎక్కువ మంది ఆర్మీలో చేరాక మొదటిసారి తెడ్డు పట్టినవాళ్లు, యూరప్ వాళ్లు స్కూల్లోనే పట్టేస్తారు. 2028లో ఇండియాకి రోయింగ్ మెడల్ వస్తుందని నేను చెప్పను, రాదు. ఒక సింగిల్, కుదిరితే ఒక డబుల్ క్వాలిఫై అయ్యి మొదటి పన్నెండులోకి వస్తే అదే పెద్ద పండగ.

కానీ ఒక తలుపు తెరుచుకుంది, అది బీచ్ స్ప్రింట్స్. లైట్ వెయిట్ పోయిన చోట ఈ కోస్టల్ రోయింగ్ వచ్చింది, ఇసుకలో పరుగెత్తి బోటెక్కి, అలల మీద బోయాల (నీళ్లలో తేలే గుర్తులు) మధ్య వంకరగా 250 మీటర్లు వెళ్లి, తిరిగి తిన్నగా ఒడ్డుకి వచ్చి, దూకి మళ్లీ పరుగెత్తాలి. ఇందులో మెషిన్ స్కోర్ మాత్రమే ఉన్నవాడు గెలవలేడు, సముద్రం అంటే భయం లేనివాడు, అలని చదవగలిగినవాడు కావాలి. విశాఖ నుంచి కాకినాడ దాకా మన తీరంలో చిన్నప్పట్నుంచి అలల్లో తెప్ప నడిపే పిల్లలు ఎంతమంది లేరు. హుస్సేన్ సాగర్‌లో నేషనల్ పోటీలు నడుస్తాయి కాబట్టి హైదరాబాద్‌లో రోయింగ్ అంటే కొంతమందికైనా తెలుసు, తీరం వైపు కూడా ఎవరైనా పిల్లల్ని వెతికి నేర్పిస్తే బాగుండు అని గట్టిగా కోరుకుంటున్నా.

మళ్లీ మెషిన్ దగ్గరికి. సౌండ్ ఉంటుంది, ఫ్యాన్ గాలి సౌండ్, గట్టిగా లాగేకొద్దీ పెరుగుతుంది. కింద ఫ్లోర్ అంకుల్ లిఫ్ట్‌లో కలిసి "పొద్దున్నే పైన ఏదో సుయ్ సుయ్‌మని వస్తోంది, ఏంటి బాబూ అది" అని అడిగారు, మందం రబ్బర్ మ్యాట్ వేసి ఆరున్నర తర్వాతే మొదలుపెడుతున్నా, ఇప్పుడు ఆయనకి ఇబ్బంది లేదట. మెయింటెనెన్స్ తక్కువ, చేయాల్సింది మాత్రం మానకూడదు. వాడిన ప్రతిసారీ సీటు జారే పట్టా తుడవాలి, లేకపోతే నల్లటి మడ్డి పేరుకుని సీటు కటకటలాడుతుంది. 50 గంటల వాడకానికి ఒకసారి చెయిన్‌కి పల్చటి నూనె టిష్యూ పేపర్ మీద వేసి రుద్దాలి, కొబ్బరి నూనె మాత్రం పెట్టకండి. మానిటర్‌కి రెండు పెద్ద డి సైజు బ్యాటరీలు, లాగుతున్నంతసేపు ఫ్లైవీల్ నుంచే కరెంటు తీసుకుంటుంది కాబట్టి చాలా కాలం వస్తాయి. ఎర్గ్‌డేటా అని ఫ్రీ యాప్ ఉంది, బ్లూటూత్‌తో ఫోన్‌కి కలిపితే ప్రతి రేసూ ఆన్‌లైన్ లాగ్‌బుక్‌లోకి వెళ్తుంది, మన వయసు వాళ్లలో ప్రపంచంలో ఎన్నో ర్యాంకో చూసుకోవచ్చు, దీనికి నెల నెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ ఏమీ లేదు. ఈ రోజుల్లో అది పెద్ద విషయం.

ధర మాత్రం ఏడిపిస్తుంది. ఇండియాకి దిగుమతి అయ్యేసరికి లక్ష పైనే పడుతుంది. కాబట్టి రోజుకి పదిహేను నిమిషాల వ్యాయామం కోసమే అయితే వద్దు, ఆ డబ్బుకి మంచి సైకిల్ వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు, చెయిన్ తుప్పు పట్టిందా, డ్రాగ్ ఫ్యాక్టర్ 10 మీద కనీసం 200 దగ్గరికి వస్తోందా, మానిటర్ పీఎం5 ఏనా, సీటు రోలర్లు నున్నగా తిరుగుతున్నాయా, ఈ నాలుగూ చూస్తే చాలు. నేర్చుకునే దశలో స్ట్రోక్ రేట్ (నిమిషానికి ఎన్ని లాగులు) 20 నుంచి 24 మధ్యలో ఉంచండి, టీవీలో నేషనల్ టీమ్‌లు నిమిషానికి 36, 38 లాగుతుంటే చూసి అదే చేయబోతే నడుం పట్టేస్తుంది.

రోయింగ్ ఇష్టపడేవాళ్లకి, లేదా ఇంట్లో పొడుగ్గా ఎదుగుతున్న పిల్లాడో పిల్లో ఉండి ఏ ఆటలో వేయాలా అని చూస్తున్నవాళ్లకి అయితే నా ఓటు దీనికే, ఐదుకి నాలుగున్నర. తగ్గిన ఆ అర ధరకి. కొన్నవాళ్లు ముందు ఒక నెల టెక్నిక్ మీద పెట్టి, ఆ తర్వాత 1500 లాగి టైమ్ కింద కామెంట్లో పెట్టండి, డ్రాగ్ ఫ్యాక్టర్ కూడా రాయండి, పోల్చుకుందాం.